పలుకు అనే ఫంక్షన్

గోపాలపట్నం,
9 జూన్ 2025.

నూరూ,

క్షేమమా అని మొదలుపెట్టాలి. అలా అడిగే మొహం నాకు లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. నా నంబరు బ్లాక్ చేశావు. మెయిల్ పంపితే జవాబివ్వవు. ఇక్కడ బస్సెక్కితే గంటలో వన్ టౌన్‌లో మీ ఇంటి గుమ్మం ముందుంటాను. కానీ తలుపు నువ్వే తీస్తే ఏం మాట్లాడాలో తెలియదు. అందుకే పోస్టాఫీసుకి వెళ్ళి కవరు కొన్నాను. కౌంటర్లో ఆయన "ఉజ్జోగానికి అప్లికేసనా అమ్మా?" అన్నాడు. ఉత్తరం అంటే ఎగాదిగా చూశాడు.

మే పదిహేడో తేదీ శనివారం మన క్లినిక్ ప్రోగ్రాముని నడిపే రన్‌టైమ్ మార్చాం. తొమ్మిదేళ్ళుగా అది నడుస్తున్న భాష వెర్షన్ పాతబడిపోయింది, ఇక దానికి మరమ్మతులు రావన్నారు. మన కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి. సోమవారం ఐదు క్లినిక్‌లూ తెరిచేసరికి, పేరు కొడితే రెప్పపాటులో వచ్చే ఫైలు నలభై సెకన్లకు వస్తోంది. మల్కాపురంలో క్యూ రోడ్డెక్కింది. వచ్చేదంతా పోర్టు కూలీలు, కాంట్రాక్టు పనివాళ్ళు. పూట కూలి వదులుకుని వస్తారు. సగంమంది చూపించుకోకుండానే వెళ్ళిపోతున్నారు.

మూడు వారాలు వెతికాను. మెమరీ అనుకున్నాను, కాదు. డేటాబేస్ అనుకున్నాను, కాదు. చివరికి ప్రోగ్రాము నెమ్మదించినప్పుడల్లా అది లోపల ఏం చేస్తోందో ఆ క్షణానికి ఫొటో తీసినట్టు పట్టుకున్నాను. పదిసార్లు చూస్తే తొమ్మిదిసార్లు ఒకే చోట ఇరుక్కుని ఉంది. కోడ్‌లో ఆ ముక్క, ఆ ఫంక్షన్ పేరు 'పలుకు'. రాసింది నువ్వు, 2016లో. ఎందుకు రాశావో ఒక్క ముక్క కూడా పక్కన రాసి పెట్టలేదు.

అదేం చేస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పు చాలు. ఈ నెలాఖరుకి బాగుచేయకపోతే కాంట్రాక్టు పోతుందని సాయిశంకర్ సార్ అంటున్నారు. కాంట్రాక్టు పోతే నా కుర్చీ కూడా పోతుంది.

గౌరి


వన్ టౌన్,
20 జూన్.

శ్రీమతి గౌరీశ్వరి గారికి,

ఆ ఆఫీసులో నేను పనిచేయడం లేదు. తాళాలిచ్చేసి పద్నాలుగు నెలలయింది. ఇప్పుడు మా అన్నయ్య అయూబ్ కొట్లో కూర్చుని లారీలకు తాళ్ళు, టార్పాలిన్లు అమ్ముతున్నాను. నెమ్మదించే వస్తువులు కావు.

ఇద్దరిలో ఒకరినే ఉంచుతామన్న రోజు సాయిశంకర్ గారు మీటింగులో ఒక ప్రశ్న అడిగారట. "నూరున్నీసా రాసిన పాత కోడ్ అంతా ఎవరికి తెలుసు?" అని. "నాకు తెలుసు సార్, నేను చూసుకుంటాను" అని నువ్వు చెప్పావట. అందుకే నన్ను పంపేయడం వాళ్ళకు తేలికయింది. తెలుసు కదా మరి, చూసుకో.

'పలుకు' అంటే పలుకే. అర్థం కాకపోతే మీ ఊరు పద్మనాభం వెళ్ళి మీ అమ్మనడుగు.

నూరున్నీసా


గోపాలపట్నం,
2 జూలై.

నూరూ,

అవును, తెలుసనే చెప్పాను. అప్పటికి నీ కోడ్ పది శాతం కూడా చదవలేదు. ఆ వాక్యం నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను. తీసుకోవాలని గట్టిగా అనిపించిందా అంటే, అదీ చెప్పలేను. ఆ రోజు నుంచీ నాకు దేని గురించీ గట్టిగా అనిపించడం మానేసింది. అన్నం తింటున్నాను, బస్సెక్కుతున్నాను, దిగుతున్నాను.

మా అమ్మనడగమన్నావు. తిట్టాలనుకుంటే తిన్నగా తిట్టాల్సింది. మధ్యలో మా అమ్మ ఎందుకు?

నువ్వు చెప్పకపోయినా నేనే పట్టుకున్నాను. ఎవరైనా పేరు కొడితే 'పలుకు' దాన్ని రకరకాలుగా తిప్పుతోంది. చ ఉన్న చోట స పెట్టి ఒకటి, ళ తీసి ల పెట్టి ఒకటి, ణ తీసి న పెట్టి ఇంకొకటి. అలా ఒక పేరుకి అరవై దాకా నమూనాలు తయారుచేసి, రెండు లక్షల ఫైళ్ళతో పోలుస్తోంది. పాత రన్‌టైమ్ ఒకసారి తయారైన నమూనాలను ఎన్నయినా దాచుకునేది. కొత్తది ఐదు వందలు దాటగానే పాతవి పారేస్తోంది. పొద్దున్న కౌంటర్లు కిటకిటలాడేసరికి తయారుచేయడం, పారేయడం, మళ్ళీ తయారుచేయడం. నలభై సెకన్లూ దానికే పోతున్నాయి.

సార్‌కి చూపించాను. "ఇదంతా ఎందుకు? చంద్రయ్యని సంద్రయ్య అని వెతకడమేంటి? ఆవిడకి తెలుగు స్పెల్లింగ్ సరిగ్గా రాక రాసుంటది. తీసెయ్" అన్నారు. నేను నవ్వాను. నిజమేననిపించింది. మీ ఇంట్లో ఉర్దూ కదా, ఎక్కడో తికమకపడ్డావనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. ఆ స, ల, న వరుస చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. నేను కాలేజీలో చేరిన మొదటి రోజు "నాను పద్మనాభం నుంచి వచ్చినాను" అంటే క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ స ని, ఆ నాను ని నాలుక మీంచి గీకి పారేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మళ్ళీ తీసుకొచ్చి నా స్క్రీన్ మీద ఎవరు పెట్టమన్నారు?

జూన్ ముప్పైన 'పలుకు' తీసేశాను. ఇప్పుడు ఫైలు అర సెకనులో వస్తోంది. సార్ కేకు తెప్పించారు. రుచి తెలియలేదు గానీ తిన్నాను.

నీకు చెప్పాలనిపించింది, అంతే.

గౌరి


వన్ టౌన్,
24 జూలై.

గౌరీ,

పొద్దున్న రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆఫీసుకి చేస్తే బయటివాళ్ళతో మాట్లాడరట. అందుకే ఈ కాగితం అయూబ్‌కిచ్చి పంపిస్తున్నాను. చదివిన వెంటనే 'పలుకు' మళ్ళీ పెట్టెయ్. తర్వాత సంగతులు తర్వాత.

నాకు స్పెల్లింగ్ రాక కాదు తల్లీ. నాకు ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు. పుస్తకంలో తెలుగు ఒకటి, మనుషుల నోట్లో తెలుగు ఒకటని నాకు మొదటి నుంచీ తెలుసు. నీ లెక్కలోనే ఒకటి ఒప్పు, ఒకటి తప్పు.

మనిద్దరం మల్కాపురం కౌంటర్ వెనక రెండు వారాలు కూర్చున్నాం, గుర్తుందా? ఈ పనివాళ్ళ దగ్గర కార్డులు నిలవవు, చెమటకు తడిసి పోతాయి. ఫోన్ నంబర్లు ఆర్నెల్లకోసారి మారతాయి. మిగిలేది పేరొక్కటే. ఒకాయన వచ్చి "సంద్రయ్యండి" అంటే కౌంటర్లో ఉండే కన్నబాబు గారు విన్నది విన్నట్టు 'సంద్రయ్య' అని కొట్టేవారు. ఆయన సెలవు పెట్టిన రోజు బదులుగా కూర్చున్నవాళ్ళు 'చంద్రయ్య' అని దిద్ది కొట్టేవారు. ఒకే మనిషికి రెండు పేర్లు. ఒకే ఒంటికి రెండు ఫైళ్ళు. సగం పాత ఫైళ్ళు స తోనే ఉన్నాయి. ఏది ఎలా కొట్టినా మనిషి దొరకాలని 'పలుకు' రాశాను.

నువ్వు నా పక్కనే ఉన్నావు. ఎవరైనా సంద్రయ్య అనగానే "చంద్రయ్యా?" అని సాగదీసి అడిగేదానివి. వాళ్ళు బిక్కమొహం వేసుకుని "ఆఁ, అదేనమ్మా" అనేవారు. అందుకే కోడ్ పక్కన వివరం రాయలేదు. 'ఇక్కడివాళ్ళు చ ని స అంటారు' అని రాస్తే నీ మనసు చివుక్కుమంటుందనుకున్నాను. నీ మీద అభిమానంతో ఒక వాక్యం మానేశాను. బుద్ధిలేని పని. మీ అమ్మనడగమన్నది తిట్టు కాదు, అదే జవాబు. కాకపోతే తిట్టులా చెప్పాను.

ముందు అది పెట్టెయ్. నెమ్మదిగా నడిస్తే నడవనీ.

నూరు


గోపాలపట్నం,
11 ఆగస్టు.

నూరూ,

నీ ఫోన్ వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. మా పక్కింటివాళ్ళను అడిగి వెతుక్కుంటూ వచ్చి అయూబ్ గారు ఇచ్చిన కాగితం అక్కడే, మెట్ల మీద కూర్చుని చదివాను.

జరిగింది వరసగా రాస్తాను. జూలై పంతొమ్మిది, శనివారం. చిట్టెమ్మ అనే ఆవిడ మల్కాపురం క్లినిక్‌కి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు. పోర్టులో ఎరువుల గోడౌన్ల దగ్గర ఊడ్చే పని. కాల్లో ఇనపరేకు దిగి పుండయింది. కౌంటర్లో పేరడిగితే "సిట్టెమ్మండి" అంది. అక్కడిప్పుడు నిఖిత అని కొత్తమ్మాయి ఉంది, విజయవాడ నుంచి వచ్చింది. చదువుకున్న పిల్ల కదా, చెయ్యి దానంతటదే దిద్దేసింది. 'చిట్టెమ్మ' అని కొట్టింది. ఫైలు లేదంది ప్రోగ్రాము. అర సెకనులోనే అంది. కొత్త ఫైలు తెరిచారు.

పాత ఫైలు ఉంది. 2017లో కన్నబాబు గారు కొట్టింది, 'సిట్టెమ్మ' అని. దానిమీద ఎర్ర అక్షరాలతో ఉంది, పెన్సిలిన్ పడదని.

డాక్టరు అడిగాడు, ఏ మందయినా పడదా అని. ఆవిడ "నాకేటి తెలుసు బాబూ, నా సంగతులన్నీ మీ కాడే రాసున్నాయి గదా" అందట. పరీక్షకని ఇచ్చిన కాస్త మోతాదుకే ఊపిరి అందకుండా పడిపోయింది. పెద్దాసుపత్రిలో పదకొండు రోజులుంది. బతికింది. కానీ గోడ పట్టుకుంటేగాని నడవలేదు. ఇక చీపురు పట్టలేదని డాక్టర్లు చెప్పారు.

నువ్వు పెట్టమన్నది పెట్టేశాను. నమూనాలను రన్‌టైమ్ పారేయకుండా మనమే ఒక చోట దాచుకునేలా రాశాను. పన్నెండు లైన్లు. మధ్యాహ్నం మొదలుపెడితే టీ వేళకు అయిపోయింది. ఇప్పుడు 'పలుకు' ఉంది, ఫైలు కూడా అర సెకనులోనే వస్తోంది. జూన్‌లో ఆ మధ్యాహ్నం నా చేతిలో ఉంది, నూరూ. నేను తీసేయడమే తేలికనుకున్నాను.

నాకు ఏడుపు రాలేదు. ఐసీయూ బయట ఆవిడ కోడలు పుష్ప నాకు టీ ఇచ్చింది, నేనెవరో తెలియక. తాగాను. మొద్దుబారిపోయాను. గిల్లుకుంటే నొప్పి తెలుస్తుంది, అంతవరకే.

నిన్న సార్ ఒక కాగితం తయారుచేయించారు. 'నా పేరు నేను స్పష్టంగా చెప్పకపోవడం వల్ల నా పాత ఫైలు దొరకలేదు' అని ఉంది. దాని కింద చిట్టెమ్మ వేలిముద్ర కావాలి. అదుంటే దీని మీద వేసిన విచారణ అక్కడితో ఆగిపోతుంది. నా ఉద్యోగం ఉంటుంది. ఎవరు వెళ్తారని అడిగితే నేను వెళ్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

గౌరి


వన్ టౌన్,
18 ఆగస్టు.

గౌరీ,

నీకు చెప్పని మాట ఒకటుంది. నీ రెండో ఉత్తరం నాకు జూలై ఐదునే వచ్చింది. కవరు మీద నీ చేతిరాత చూడగానే కడుపు మండింది. తాళ్ళ చుట్టల మధ్య పడేశాను. పంతొమ్మిది రోజులు చింపలేదు. రోజూ కనబడేది, రోజూ అనుకునేదాన్ని, ఉండనీ దీని పొగరు అని. వచ్చిన రోజే చదివి ఉంటే ఆరో తేదీకి నీకు ఫోన్ చేసేదాన్ని. చిట్టెమ్మ క్లినిక్‌కి వచ్చింది పంతొమ్మిదిన. ఆ రోజు నేను ఒక లారీ డ్రైవరుతో టార్పాలిన్ సైజు గురించి గంటసేపు గొడవపడ్డాను. అదొక్కటే గుర్తుంది.

నిన్ను క్షమించానని రాయలేను. మన స్నేహం అంత చవకది కాదు. కానీ నువ్వొక్కదానివే చేశావని కూడా రాయలేను. నేను వివరం రాయలేదు, నువ్వు చదవలేదు. నేను కవరు చింపలేదు, నువ్వు ఆగలేదు. ఇద్దరం ఇద్దరమే.

కాగితం సంగతి. నా భయం ఏమిటో తెలుసా? ఆవిడ ఒప్పుకోదని కాదు. అడగ్గానే వేలిముద్ర వేసేస్తుంది. "చంద్రయ్యా?" అని సాగదీస్తే ఆఁ అదేనమ్మా అన్నవాళ్ళు కదా వాళ్ళు. వెళ్ళాక ఏం చేస్తావో నీ ఇష్టం. నేను చెప్తే చేసిన పని నీదవదు.

నూరు


గోపాలపట్నం,
7 సెప్టెంబరు.

నూరూ,

ముందు ఆఫీసు సంగతి చెప్పేస్తాను. విచారణకు రిపోర్టు నేనే రాసిచ్చాను. రన్‌టైమ్ ఎప్పుడు మారింది, ఎందుకు నెమ్మదించింది, 'పలుకు' ఎందుకుంది, దాన్ని ఎవరు తీసేశారు, అన్నీ తేదీలతో సహా. తీసేసిన చోట నా పేరు రాశాను. 'పలుకు' రాసిన నూరున్నీసా అనే ఆవిడను పంపేయడానికి నేను ఏ అబద్ధం ఆడానో కూడా ఒక పేరా రాశాను. అది విచారణకు అవసరం లేదన్నారు. ఉండనివ్వమన్నాను. సాయిశంకర్ సార్ నాతో మాట్లాడటం లేదు. సస్పెన్షన్ ఉత్తరం మొన్న వచ్చింది. చిట్టెమ్మకు పరిహారం ఇవ్వాల్సిందేనని విచారణాధికారి అన్నారట, ఎంత అన్నది ఇంకా తేలలేదు.

రిపోర్టు రాసే ముందు రోజు మల్కాపురం వెళ్ళాను. సార్ ఇచ్చిన కాగితం, స్టాంపు ప్యాడు బ్యాగులో ఉన్నాయి. దాచడమెందుకు, అవి తీయాలో వద్దో బస్సు దిగేదాకా నాకు తెలియదు.

రెండు గదుల రేకుల ఇల్లు. చిట్టెమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పుష్ప నన్ను గుర్తుపట్టి, "ఆసుపత్రి కాడ మెట్ల మీద కూకున్నారు గదా, ఇలా కూకోండి" అని కుర్చీ వేసింది. నేను కంప్యూటర్ ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను. చెప్పగానే చిట్టెమ్మ చీర కొంగు సర్దుకుంది. ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా కంగారుపడింది.

"నా మీద రాసినారేటమ్మా?" అంది. "పెద్దాసుపత్రిలో ఎవలో అనుకుంతంటే ఇన్నాను. పేరు సరిగ్గా సెప్పనేదంట నాను. అందుకే మీ మిసను పట్టుకోనేకపోనాదంట. సదువు నేనిదాన్ని, నాకేటి తెలుసు. ఏలు ఎయ్యాలంటే ఏత్తాను, ఎక్కడెయ్యాల?"

నువ్వు భయపడ్డట్టే అయింది. నేనింకా బ్యాగు తెరవనే లేదు, ఆవిడ బొటనవేలు ముందుకు చాపేసింది.

నేను కుర్చీలోంచి దిగి కింద కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఎవరి ముందూ రాని మాట నోట్లోంచి వచ్చేసింది. "నీ తప్పు నేదమ్మా. నువ్వు సరిగ్గానే సెప్పినావు. నీ పేరు దొరకకుండా నాను తీసేసినాను. నాది తప్పు" అన్నాను. మొద్దుబారిందంతా ఒక్కసారి కదిలింది, నూరూ. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. "ఊరుకో తల్లీ, సిన్నపిల్లవి, నీకేటి తెలుసు" అంది. నేను చెప్పింది ఒక్క ముక్క కూడా నమ్మలేదు. తనని నొప్పించకూడదని అంటున్నాననుకుంది.

"ఇంక మీకా ఇబ్బంది నేదులే. మా పుస్ప రోజూ పొద్దున్న నేర్పుతంది. ఇప్పుడొచ్చేసింది, ఇను" అంది.

వద్దంటున్నా వినకుండా గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఊపిరి తీసుకుంది. పుష్ప నోటి వంక చూస్తూ, నాలుకని పైకి తెచ్చి, "చి... చిట్టెమ్మ" అంది. నేను తల అడ్డంగా ఊపాను. సరిగ్గా రాలేదనుకుందేమో, నా కళ్ళలోకి భయంగా చూసి, ఇంకా మెల్లగా, ఇంకోసారి చెప్పింది.

గౌరి